లెవెలు గొట్టం

రథయాత్రకి పదకొండు రోజులుంది.
వాన మొదలైతే మా పెరట్లో గోలెం చుట్టూ నాచు.
కిందటేడు మా అత్త అక్కడే జారి పడి
నెల్లాళ్లు మంచం మీంచే గుణుపూరంతా ఏలింది.
అందుకే ఈ గచ్చు.

మేస్త్రి ఆరువేలు అడిగాడు, టీలు కాకుండా.
"నేనేస్తాను" అన్నాను.
మా ఆయన నవ్వలేదు. అదే భయం వేసింది.

మా నాన్న తాపీ మేస్త్రి.
పదేళ్ల వయసు నించి ఆయన వెనక తట్ట మోశాను.
తాపీ మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు,
"ఆడపిల్ల చేతికి బరువే" అని
ఇటుకలు ఎత్తించేవాడు.
ఆయన పోయాక అది నాకు దొరికింది,
అటక మీద, బియ్యపు సంచీలో చుట్టి.
ఇన్నాళ్లూ దేనికి వాడానని అడక్కండి.
అట్లకాడ విరిగినప్పుడు ఒకసారి.

ఆదివారం తెల్లారేసరికి
వంశధార ఇసక సందు మొగలో పోసి పోయింది ట్రాక్టరు.
అక్కణ్ణించి తట్టలే.
మా పిల్లలు, సాహుగారి మేనల్లుడు,
ఇసకలో నత్తగుల్ల దొరికినప్పుడల్లా పని బందు.
జల్లెడ దగ్గర మా అత్త పీటేసుకుని
రాయి రాయికీ పేరు పెట్టి తిడుతూ.

పదింటికి మా మరిది దాలినాయుడు వచ్చాడు.
పిలిచింది నేను. వాళ్లన్న కాదు.
రాయగడ స్థలం అమ్మిన డబ్బు దగ్గర
మాట ఆగి రెండేళ్లు.
వెనకే మా తోటికోడలు కుముదిని,
గిన్నెడు పఖాళ, మూత మీద నలిపిన వడియాలు.
"అపా, ముందు తిను. సిమెంటు ఎక్కడికి పోద్ది?"

ఇటుకముక్కలు పరిచి దిమ్మిస కొట్టాం.
ఇక వాలు తియ్యాలి.
నీరు అరటి వైపు పోవాలి.
సాహుగారి గోడ వైపు పోయిందా
ఇంకో మౌనం కొనుక్కున్నట్టే.

లెవెలు గొట్టానికి ఇద్దరు కావాలి.
మేకులు నా దగ్గర, కుముదిని చేతులు మట్టి,
మిగిలింది వాళ్లిద్దరే.

ఆ చివర అన్న, ఈ చివర తమ్ముడు,
నడుమ ఆరు గజాల గొట్టం,
అందులో నీళ్లు, నీళ్లలో ఒక బుడగ.
బుడగ ఉంటే లెక్క తప్పుద్దనేవాడు నాన్న.
గోటితో కొట్టి తరిమాను.
"బొటనవేళ్లు తియ్యండి."
తీశారు.
నీళ్లు పైకి, కిందికి, మళ్లీ పైకి.

"ఆగిందా?"
ఉలుకూ లేదు పలుకూ లేదు.
"నాకేటి తెలుస్తాది? మీరూ మీరూ అడుక్కోండి."

"ఆగిందేటి?" అన్నాడు మా ఆయన, గోడతో.
"నేదు. నువ్వెత్తేస్తన్నావు."
"నేనా?"
"చిన్నప్పట్నించీ అంతే."

జల్లెడ ఆగిపోయింది.
కుముదిని మట్టి చేత్తోనే ముసుగు లాక్కుని,
బావగారిని తాకకూడదు గనక
గొట్టాన్ని పట్టుకుని
"టికే తళకు, టికే" అంటూ దించింది.
నీళ్లు వణికి వణికి నిలబడ్డాయి.
"హెలా" అంది.
నేను మేకు కొట్టాను.

మధ్యాహ్నమంతా తాపీ.
పిడి మీద నాన్న బొటనవేలి గుంట.
నా వేలికి అది వదులు.
అయినా అక్కడే పెట్టాను.

తడారకముందే కుముదిని కూతురు
పుల్లతో ఒక మూల తన పేరు గీసింది, ఒడియాలో.
చదువు రాని మా అత్త వంగి చూసి
"గుండ్రంగానే ఉంది, మన రాతే" అంది.
ఎవరం దిద్దలేదు.

వారం రోజులు తడి గోనెలు కప్పాం.
ఎనిమిదో రాత్రి వాన.
పొద్దున్నే అందరం గుమ్మంలో నిలబడి చూశాం.
నీళ్లన్నీ బుద్ధిగా అరటి పాదులోకి,
ఒక్క చోట తప్ప.
పప్పుగిన్నె మూతంత గుంట, నిండుగా.

మా ఆయన ఫోను తీశాడు.
"ఒరే, నువ్వు పట్టుకున్న వైపే పల్లం."
అటునించి ఏదో గట్టిగా.
"నా చెయ్యి కాదు, నీ చెయ్యే!"
పావుగంట ఆ గుంట గురించే.
రాయగడ మాట ఇద్దరూ ఎత్తలేదు.

నేను తాపీ కడిగి
వంటింట్లో అట్లకాడ పక్కన తగిలించాను.