జీరో నోడి సార్

జీరో నోడి సార్, అంటాను.
ఈ ఊరికొచ్చి నేను మొదట నేర్చిన కన్నడం అదే.
కూరగాయల బేరం ఇప్పటికీ సగం సైగలతోనే,
సున్నా చూపించడం మాత్రం తప్పు పోదు.

యశవంతపురం దాటినాక, గొరగుంటెపాళ్యకి ఇవతల,
ఎడమచేతి బంకు. మూడో పంపు నాది.
తెల్లారి ఆరింటికి బోర్డు మీద అంకెలు
వాటంతటవే మారతాయి.
ఎవరూ నిచ్చెనేసి ఎక్కరు.
బండి దిగినవాళ్ళు మాత్రం తలెత్తి చూసి
తల దించి నన్ను చూస్తారు,
రాత్రంతా మేలుకొని నేనే పెంచినట్టు.

చేరిన కొత్తలో "ఫుల్" అనేవాళ్ళు.
తాళంచెవి నా చేతిలో పడేసి
ఫోను మాట్లాడుకుంటూ అటు తిరిగేవాళ్ళు.
తర్వాత వెయ్యి అన్నారు. తర్వాత ఐదొందలు.
ఇప్పుడు నూటిరవై, మెల్లగా,
పక్కబండికి వినబడకుండా, చేబదులు అడిగినట్టు.
లీటరు అనే మాట విని ఎన్నాళ్ళయిందో.

బుల్లెట్టు నంజుండయ్య
మలుపు తిరక్కముందే శబ్దంతో తెలిసేవాడు.
ఈమధ్య భార్య స్కూటీ మీద వస్తున్నాడు,
నెమలిరంగుది, మోకాళ్ళు హ్యాండిలుకు తగులుతూ.
బుల్లెట్టేదన్నా అని నేనడగలేదు.
"ఆదివారం తుడుస్తుంటా" అని తనే చెప్పాడు.

స్కూలు వ్యాను ఫయాజు గ్యాసు కిట్టు వేయించి
డిక్కీ అంతా సిలిండరుకిచ్చేశాడు.
పిల్లల బ్యాగులిప్పుడు పిల్లల ఒళ్ళోనే.
గ్యాసు క్యూలో రెండు గంటలు కునుకు తీస్తాడంట.
"మిగిలిందేమన్నా ఉంటే ఆ నిద్రేనమ్మా"
అని చెప్పడానికే ఒకరోజు ఆగాడు, ఏమీ పోయించుకోకుండా.

మా ఆయన ఓబులేసుది పాత ఎక్సెల్.
ఫ్లైఓవరు ఎక్కేంతవరకే ఇంజిను.
నెత్తికెక్కినాక ఆపేస్తాడు, దిగుడంతా దేవుడి లెక్క.
బ్రేకు పట్టమంటే ఒప్పుకోడు.
"కొనుక్కున్న వేగమే, ఊరికే పారబోస్తామా!"
వెనక కూర్చుని నేను కండ్లు మూసుకుంటా.
గాలి మాత్రం బాగుంటుంది.

కరెంటు స్కూటర్లు చప్పుడు చేయవు.
తిరిగి చూస్తే మన వెనకే ఉంటాయి.
వాళ్ళకి కావలసింది గాలి, టైర్లకి.
బ్యాంకు బ్యాడ్జి వేసుకున్న ధన్యశ్రీ
నాలుగు నెలలనుంచి గాలే పట్టించుకుంటోంది.
"ఆంటీ, మీ బంకు మూసేస్తారా?" అనింది ఒకనాడు,
నిజంగానే దిగులుగా.
"గాలి కొట్టేదానికైనా ఒకరు కావాల గదమ్మా" అన్నా.
ఆ పిల్ల నవ్వింది.
నేను గాలి ఉచితమని రాసిన రేకు వైపు చూశా.

రెండింటికి షిఫ్టు దిగుతాను.
చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్ది,
అయినా పోని వాసనతోనే
నెలమంగళ బస్సెక్కుతాను.
వెయ్యి లీటర్లు పోసిన చేతిలో
కండక్టరు జీరో టికెట్టు పెడతాడు.
ఆడవాళ్ళకి ఉచితం.
ఆధారులో హిందూపురం కొట్టేయించి
ఈ ఊరి పేరు రాయించుకుంది దీనికోసమే.
ఆ సంగతి మా అమ్మతో ఇంకా అనలేదు.
కిటికీ పక్కన సీటు దొరికితే
టికెట్టు వెలుతురుకి పట్టి చూస్తా.
నన్నెవరూ చూడమనరు. నేనే చూస్తా.

ఈ పొద్దు కింద జాము. బస్సు పైనుంచి పోయింది.
నెత్తి దాటినాక కూడా డ్రైవరు ఇంజిను ఆపలేదు.
దిగుడు పొడుగునా అట్లే మోగుతూ,
ఎవరి డీజిలో, కాలిపోతూ, కాలిపోతూ.
అందరూ నిద్రపోతున్నారు.
నా కుడిచెయ్యి మాత్రం, ముందు సీటు కమ్మీ మీద,
తాళంచెవి కోసం వెతుకుతోంది.