ఏనుగుల పందెం

ఎనభై తొమ్మిది.
అంతే. ఆ తర్వాత పెడల్ ఉంటుంది గానీ
పెడల్ కింద ఏమీ ఉండదు.
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు
పాదం అక్కడికే పోతుంది,
పదకొండేళ్ళుగా.

మాగ్డెబర్గ్ దాటాం. వాన వెలిసింది.
నా వెనక ఇరవై రెండు టన్నుల గడ్డకట్టిన చేప.
నా ముందు నీలం టార్పాలిన్,
దాని మట్టి మీద ఎవరో వేలితో రాసిన పేరు:
రాలిత్సా.
బల్గేరియా నంబరు. వాడిది ఎనభై ఎనిమిది.

ఒక్క కిలోమీటరు తేడా.
తేడా తేడానే కదా అని
ఎడమ సిగ్నల్ వేశాను.

దీన్నిక్కడ ఏనుగుల పందెం అంటారు,
పళ్ళు కొరుకుతూ.
అద్దం నిండా కార్లు, లైట్లు కొట్టే కార్లు,
పెళ్ళికో చావుకో ఆలస్యమైనట్టు.
వాళ్ళ తొందర వాళ్ళ కాళ్ళలో ఉంది.
నాది విల్నియస్‌లో, రొమువాల్దస్ సొరుగులో ఉంది.
చట్టం తొంభై ఇస్తే
డీజిల్ లెక్క చూసుకుని ఆయన ఒకటి తీసేశాడు,
తూకం వేసేవాడు చివర్లో
చిటికెడు వెనక్కి తీసుకున్నట్టు.

వాడి వెనక చక్రాలు దాటాను.
మధ్య చక్రాలు.
ఇక ముక్కు ముందుకొచ్చేస్తుంది అనగా
దారి కాస్త లేచింది.
ఎత్తు అని కూడా అనలేం.
సీసాలో నీళ్ళు ఒరిగాయి, అంతే,
నా ఒక్క కిలోమీటరూ కరిగిపోయింది.

కిటికీకి కిటికీ.
పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూసుకోరు.
అరవై దాటిన బట్టతల.
డాష్‌బోర్డు మీద ఆరేసిన మేజోళ్ళు,
కొరికి పెట్టిన క్యాప్సికం ముక్క.
వాడు నన్ను చూశాడు. నేను వాడిని చూశాను.
ముందుకు పోలేని ఇద్దరం, తగ్గడం ఇష్టంలేని ఇద్దరం.

బ్రోన్యుస్ అయితే ఈపాటికి హనోవర్‌లో ఉండేవాడు.
నాకు రివర్స్ నేర్పినవాడు.
గేర్‌బాక్సు దగ్గర అయస్కాంతం అంటించేవాడు.
బండి నిలబడి ఉంది అనేది మీటరు,
నూట పన్నెండు అనేవి చెట్లు.
"ఇది నా కాలు రా, వాళ్ళ కాలు కాదు" అనేవాడు.
తలుపు కోసి బయటికి తీశాక
పోలీసులు చీటీ లాగి చూస్తే
ఆ గంటంతా విశ్రాంతి అని ఉంది.
ఆ అయస్కాంతం ఇప్పుడు
వాళ్ళావిడ ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పట్టుకుంటోంది.

అలాగని ఆ పెట్టె మీద నాకు ప్రేమేం లేదు.
కాసెల్ దిగుడులో ఎవరూ నొక్కకుండానే
బండి తనంతట తనే తొంభై మూడు పట్టుకుంటుంది.
బీప్, బీప్ అని అది మొత్తుకుంటుంటే
సిగ్గులేకుండా నా ఒళ్ళు ఈల వేస్తుంది.
నన్ను నమ్మలేదని కాదు బాధ.
నమ్మకపోవడానికి కారణం
నా ఒంట్లోనే ఉందని నాకు తెలుసు. అదీ బాధ.

అప్పుడు వాడు కాలు ఎత్తాడు.
కాలు నాకు కనపడలేదు. భుజం కనపడింది,
బస్తా దించినవాడి భుజంలా కిందికి జారింది.
నీలం టార్పాలిన్ మెల్లగా వెనక్కి పోయింది.
ఒకసారి లైట్లు వేశాడు: రా, చోటుంది.
కుడివైపు దూరాను.
కుడి, ఎడమ, కుడి సిగ్నల్ వేశాను,
మా అందరికీ వచ్చిన ఒకే భాషలో దండం.
కార్లు సర్రున పోయాయి. ఒకడు వేలు చూపించాడు.

ముప్పావు గంట తర్వాత పార్కింగ్‌లో ఆపాను.
నేను గెలుచుకున్నది ముప్పై సెకన్లు, లెక్క వేశాను.
అందులో బూటు లేసు కట్టుకున్నాను,
ఒక కాలిది.
రెండోది ఇంకా వేలాడుతుండగానే
రాలిత్సా వచ్చి పక్కన ఆగింది,
బ్రేకుల్లోంచి పెద్ద నిట్టూర్పుతో.