మూడువందల పన్నెండో సంచిక

డులూత్‌లో బుధవారం. గుమ్మం దగ్గర
బూట్ల మంచు ఇంకా కరగనే లేదు,
ఎమెట్ గొంతు లేచింది:
"ఉక్కు పిచ్చుకకి పెళ్లాన్ని వదిలించారు.
ముసుగు ఊడబీకి ఎవరో పిల్లకి తొడిగారు.
ఇంకేం మిగిలింది?"

డార్లా అట్టలు సర్దుతూనే అంది:
"ఐదుసార్లు చచ్చాడు.
ఐదోసారి నువ్వూ ఏడవలేదు."

నిజమే. మొదటి సంచిక కొన్న రోజున
పిచ్చుక అన్నయ్య ఈడువాడు.
ఇప్పుడు కొడుకుకన్నా చిన్న.
అప్పుడూ ఇరవై తొమ్మిదే, ఇప్పుడూ ఇరవై తొమ్మిదే.
మందమెక్కింది ఎమెట్ కళ్లజోడు.

"ఇక కొనను" అన్నాడు, పోయిన నెలలాగే.
చేతి తొడుగు పళ్లతో లాగి
చిల్లర లెక్కపెట్టాడు, రెండు ప్రతులకి.
ఒకటి తిట్టడానికి.
రెండోది
విప్పకుండా, ప్లాస్టిక్ కవరులో.