తడి ఆరేదాకా

అక్రనెస్‌లో జూన్ నెల గాలి
రాత్రి పదింటికి గానీ పడుకోదు.
వెలుతురు అసలు పడుకోదు.
అందుకే పక్కిళ్లవాళ్లు నల్ల కర్టెన్లు దించుకున్నాక
నేను పని మొదలుపెడతాను.
బస్సు డ్యూటీకి వారం సెలవు.
స్టీరింగుకి అలవాటైన చేతుల్లో ఇనప బ్రష్షు.

గరాజు తలుపు కింది అంచుని
సముద్రం ఇరవై ఆరేళ్లుగా దూరం నుంచే నాకుతోంది.
వేలు తగిలితే చాలు
తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది.

గీస్లి ఉన్నప్పుడు నాలుగేళ్లకోసారి రంగేసేవాడు.
గీకడు, కడగడు.
తుప్పు మీద పూత, పూత మీద ఇంకో పూత.
పైన పటారం లోన లొటారం అని నేను సణిగితే
"లోన చూడొచ్చేదెవరు స్వావా" అనేవాడు
బ్రష్షు ఆపకుండానే.

ఇదిగో, నేనే వచ్చాను చూడ్డానికి.
బూడిద రంగు కింద ఆకుపచ్చ.
దాని వెనక పెద్ద కథేమీ లేదు,
పడవల కొట్లో ఆ డబ్బా చవగ్గా దొరికిన ఏడది.
ఆకుపచ్చ కింద, పక్కింటి ఔస్‌దిస్ ఇప్పటికీ
దగ్గు మందు రంగు అని వెక్కిరించే పసుపు.
దాని కింద ఫ్యాక్టరీ తెలుపు,
పాలపళ్ల సైజులో అక్కడక్కడా.

నడుమెత్తున, ఎడం పక్క,
స్క్రేపరు గొంతు మారింది.
గరగర పోయి మెత్తగా, సుద్ద గీసినట్టు.
అరచేతంత పుట్టీ బిళ్ల
ఊడి నా బూటు మీద పడింది.

వెనక సొట్ట.
నా పాత కారు బంపరు ఎంత ఎత్తో అంత ఎత్తులో.

ఓ అక్టోబరు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి
తలుపు తీశాననే అనుకున్నాను.
సగం ఊరిని మోసే డ్రైవరమ్మ
సొంత గరాజుని గుద్దిందంటే ఏం బాగుంటుంది?
కారు రోడ్డు మీదే వదిలి, చప్పుడు చెయ్యకుండా పడుకున్నాను.
ఆదివారానికి తలుపు నున్నగా ఉంది.
తను అడగలేదు.
నేనూ అడగలేదు.
గాలికి చెత్తడబ్బా ఎగిరొచ్చి తగిలిందట,
ఔస్‌దిస్‌తో చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను.

బిళ్లని తిప్పి చూశాను.
గరుకు కాగితం ముట్టని మనిషి కదా,
అంచున బొటనవేలి ముద్ర
గీతలతో సహా అలాగే ఉంది.

రెండో రాత్రి సబ్బునీళ్లతో కడిగి ప్రైమరు.
మూడో రాత్రి, హ్యాండిలుకి టేపు చుట్టి,
వంకాయ రంగు.
సొట్టలో పుట్టీ నింపలేదు.
రోలరు అక్కడికి రాగానే కొంచెం దిగి, మళ్లీ ఎక్కుతోంది,
మన వీధి మలుపులో బస్సులా.

పన్నెండు దాటాక వచ్చాడు గీస్లి,
ఇప్పుడుంటున్న రేవు పక్క ఫ్లాటు నుంచి,
ముసలి కుక్కని నడిపిస్తూ.
కుక్క నన్ను గుర్తుపట్టి తోకూపింది.
అతను తలుపుని గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది.
"గీకావన్నమాట."
"గీకాను."
"ఆ సొట్టేంటి?"
అడిగింది నేను కాదు, తనే. మొహంలో ఏమీ లేదు.
"గాలి," అన్నాను.
"ఈ ఊరి గాలి మంచిది కాదులే," అన్నాడు.

ఆకు కదలడం లేదు.
తడి రంగుకి అంటుకున్న ఒక దోమ
తన ఆరు కాళ్లూ లెక్కపెట్టుకుంటోంది.

కుక్క లాగితే వెళ్లిపోయాడు.
రెండడుగులేసి వెనక్కి తిరిగి,
"ఆరేదాకా పూర్తిగా మూసెయ్యకు.
అంచులు అంటుకుపోతే మళ్లీ రాదు," అన్నాడు.

తెలుసు. డబ్బా మీద కూడా రాసుంది.

తలుపుని నడుమెత్తుదాకా లేపి వదిలేశాను.
లోపలి సైకిలూ, మంచు టైర్లూ,
గిలక్కొట్టిన జాడీలూ, ఎవరివో తెలియని స్కీ బూట్లూ
వీధికి కనిపిస్తూనే ఉన్నాయి.
చూసేవాళ్లు చూస్తారు.

పుట్టీ బిళ్లని చెత్తలో వేద్దామనుకున్నాను.
జేబులోనే ఉండిపోయింది.
సోమవారం, బస్సు తాళాల కోసం తడుముకుంటే
వేలికి తగులుతుంది.