ఊ కొట్టే సందు

శుక్రవారం పొద్దున ముహర్రక్‌లో
సందులింకా నిద్ర లేవలేదు.
ముత్యాల మ్యూజియం వెనక తలుపు తీసి
నాకో అట్ట, పెన్సిలు, గడియారం ఇచ్చారు.
నియమం ఒక్కటే:
వాళ్లు తడబడితే చూడాలి, రాయాలి.
సాయం చెయ్యకూడదు.

యంత్రంలోకి తెలుగు కొత్తగా ఎక్కించారు.
విని చూడ్డానికి ఐదుగురు కావాలి, సెలవు రోజున,
తలా మూడు దినార్లు, బిర్యానీ పొట్లం.

మొదట మోర్తాడ్ గంగనర్సు, క్రేన్ నడిపే మనిషి.
యంత్రాన్ని ఫోనులా చెంపకానించి
"హలో, ఎవలు?" అన్నాడు.
అవతల గొంతు స్వాగతం చెబుతూనే ఉంది.
"గీయన నా మాట ఇంటలేడు" అని
నా చేతిలో పెట్టి పోయాడు.
ఒకటో పని, విఫలం, అని రాశాను.
కొట్టేసి,
విఫలమైంది ఆయన కాదు, అని రాశాను.

పచ్చ బొత్తాం నొక్కండి అంటుంది గొంతు.
తర్వాత వచ్చిన ఇద్దరిలో
ఒకరు పసుపుది నొక్కారు, ఒకరు ఆకుపచ్చది.
ఇద్దరిదీ ఒప్పే.
"ప్రదర్శితాంశము" అంటే ఏందన్నా? అని అడిగారు.
నాకూ తెలీదు. తెలీకుండానే చదివాను.

చదివాను అంటే,
ఆ గొంతు నాదే.
పోయిన వేసవి, హూరాలో మా గదిలో
ఏసీ ఆపేసి, అల్మారాలో దుప్పట్ల మధ్య తల దూర్చి
చెమటలో చదివిన నలభై రెండు ముక్కలు.
ఈ సంగతి వచ్చినవాళ్లకి చెప్పకూడదు.
నియమం ఒక్కటే అన్నానా? ఇది రెండోది.

నాలుగో మనిషి దస్తగిరమ్మ. రాయచోటి.
రిఫాలో ఒక ఇంట్లో పదకొండేళ్లుగా వంట.
చెవులకి తగిలించుకునే ముందు
ఆ నల్లటి గిన్నెల్ని కొంగుతో తుడిచింది.
బడిలో పేరు పిలిస్తే లేచినట్టు నిలబడి
నొక్కింది.

నాకు వినబడదు. కానీ
గొంతు ఎక్కడుందో ఆమె కళ్లు చెబుతున్నాయి:
ఇప్పుడు, కాలికి కట్టుకునే రాయి.
ఇప్పుడు, ముక్కుకి బిగించే కొమ్ముపట్టు.
ఇప్పుడు తాడు.

"ఊ" అంది దస్తగిరమ్మ.

కథ వినేవాళ్లు అనే ఊ.
కాసేపాగి మళ్లీ "ఊ".
తర్వాత "ఊఁ..." అని సాగదీసింది,
చెప్పేవాడు అందుకుంటాడని.
అందుకోలేదు వాడు.
ఆమె ఊ మీదుగానే తొక్కుకుంటూ పోయాను,
వాక్యం వెనక వాక్యం.

నా అట్ట మీద గడులున్నాయి,
ఎన్ని నొక్కులు, ఎన్ని తప్పులు, ఎన్ని క్షణాలు.
ఊకి గడి లేదు.

నాలుగో గదిలో, తాడు లాగేవాడి బొమ్మ దగ్గర
ఆమె ఆగిపోయింది.
గొంతు మాత్రం పడవ బల్లలు దాటి
తూకపురాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.
ఆపే బొత్తాం ఎక్కడుందో ఆమెకి తెలీదు.
నాకు తెలుసు. కుడి పక్క, బొటనవేలి కింద.
అట్ట కింద నా బొటనవేలు కదిలింది.
నియమం.

ఎలా అనిపించింది? అడిగాను చివర్న.

"బాగనే చెప్పినాడు నాయనా, సదువుకున్నోడి మాదిరి.
ఒకటే, ఊపిరి తీసుకోడు ఆ మనిషి.
ఊపిరి బిగబట్టి నీళ్లలోకి పోయేది వాళ్లు గదా,
ఈయనెందుకు బిగబట్టినాడు?
కిందోడు తాడు కదిలిస్తే గదా పైనోడు లాగేది.
నేను కదిలిస్తానే ఉండా."

నిజమే.
అల్మారాలోంచి బయటపడ్డాక, రాత్రంతా కూచుని,
తెర మీద గడ్డిపరకల్లా లేచిన నా శ్వాసల్ని
ఏరి ఏరి కోసేశాను,
శుభ్రంగా ఉంటుందని.

ఐదో మనిషి రాలేదు. డ్యూటీ పడిందట.

నివేదికలో రాశాను:
ఆపే బొత్తాం పెద్దగా, ఎర్రగా.
ప్రదర్శితాంశము తీసేసి, ఈ వస్తువు.
మూడోది ఇంగ్లిషులో ఎలా చెప్పాలో తోచక
హైఫా మేడమ్ ముందు కూచుని చదివి చూపించాను.
ఒక వాక్యం. తర్వాత ఊరుకున్నాను.
"ఇక్కడేముంది?" అంది.
వినేవాళ్లుంటారు, అన్నాను.

"ఎన్ని క్షణాలు?" అంది పెన్ను తీసి.
మనసులో ఊ కొట్టి చూసుకున్నాను.
ఒకటిన్నర.
తాడు దగ్గర మాత్రం నాలుగు.