ఇతర పరిస్థితులు

కొండపిలో పొగాకు వేలం మొదలైన వారం
ఫస్టియర్ సీఈసీ బెంచీలు సగం ఖాళీ.
వచ్చినవాళ్ళ వేళ్ళకు నల్లటి జిగురు.
తెల్లారేదాకా ఆకు గ్రేడు చేసిన చేతులు,
పెన్ను పడితే కాగితం కూడా లేచొస్తుంది.

డిమాండు సూత్రం చెప్పమన్నాను.
చెప్పారు అందరూ, ఒకే గొంతుతో, గైడు గొంతుతో:
ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు
ధర తగ్గిన డిమాండు పెరుగును.
'ఉన్నప్పుడు' దగ్గర ఊపిరి పీల్చడం కూడా ఒకేసారి.

నేనూ అట్లా అప్పజెప్పే ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను,
అది వేరే సంగతి.

ఆ రోజు గైడ్లు సంచుల్లో పెట్టించి
మాల్యాద్రి జేబులో మడిచిన వేలం చీటీ అడిగాను.
బల్ల మీద పరిచి చదవమన్నాను.
బస్సు బోర్డు చదివినట్టు చదివాడు:
బేలు నంబరు. బరువు. గ్రేడు.
ధర ఉండాల్సిన గడిలో, నో బిడ్.

"అంటే ఏంది?"
"కొనలేదని సార్."
"ఎవరు?"
చీటీ అంతా వెతికాడు. ఎవరి పేరూ లేదు.
"కర్త లేని వాక్యం సార్" అంది వెనక నుంచి మస్తాన్‌బీ.
తెలుగు పీరియడ్లో నేర్చిన ముక్క
మా పీరియడ్లోకి అడుగుపెట్టడం అదే మొదలు.

చీటీలో లేనిది రాయండి, పది వాక్యాలు.
"పరీక్షకు వస్తుందా సార్?"
రాదు.
"మార్కులెన్ని సార్?"
నాకూ తెలీదు.
కాసేపు ఫ్యాను చప్పుడు.

రాత కన్నా కొట్టివేతలే ఎక్కువ.
'నష్టము' కొట్టేసి
'అప్పు' అని రాసినవాళ్ళు ముగ్గురు.

మాల్యాద్రి కాగితం ఇది:

బ్యారనుకు పుల్లలు పోయినేటి కంటే ప్రియం.
అందుకని మట తగ్గించాం. ఆకు మచ్చలు పడింది.
కొనే ఆయన మా బేలు కాడ ఆగాడు,
వాసన చూశాడు, పొయ్యాడు.
మా నాయన నోరు తెరిచేంత సేపు ఆగాడు,
మాట వచ్చేంత సేపు ఆగలేదు.
ఎంతకైనా ఇస్తామన్నాం.
ధర తగ్గినా డిమాండు పెరగలేదు.
సూత్రం తప్పా సార్,
లేక ఇతర పరిస్థితులంటే మేమేనా?

ఎర్రపెన్ను మూత తీసి అట్లాగే కూర్చున్నాను.
పదమూడేళ్ళుగా ఇట్లాంటి కాగితాల వరసల్లో
నేనూ ఆగి, వాసన చూసి,
నిర్వచనం లేదని
సున్నా చుట్టి నడిచిపోయినవాణ్ణే.

ఆ సున్నాల్లో ఒకటి తీసి
'మట'లో పెట్టాను. మంట అయింది.
ఇంకేం దిద్దలేదు.

బెల్లు కొట్టారు.
"చీటీ ఇవ్వండి సార్, నాయన బ్యాంకులో చూపించాలంట."
ఇచ్చాను.
గుమ్మం దగ్గర ఆగి దాన్ని మళ్ళీ చదివాడు,
ఈసారి పెదాలు కదపకుండా,
చాలాసేపు.