ఐతే

ఆమె పేరు ఐతే.
ముచ్చకి ఐతే.
తాడ్వాయి దాటి, తారు రోడ్డు దిగి,
రెండు వాగుల్ల మోకాళ్లు తడిసినంక వచ్చే
ఇరవై ఆరు గుడిసెల్ల
చివరి దానికి ముందుది ఆమెది.

లబ్ధిదారు నలభై ఒకటి.
పేరు గడిల: ఐతే.
హన్మకొండ ఆఫీసుల లెక్కలు ఎక్కించే ఫసియుద్దీన్
తలకాయ గోక్కుంట వచ్చిండు.
"మేడమ్, ఈడ వాక్యం సగంల ఆగింది.
ఐతే... ఐతే ఏంది?"

నవ్విన.
ఆ నవ్వు వారం రోజులు గొంతుల ఇరికింది.

సగంల ఆగింది నిజమే.
బస్తర్ దిక్కుకెళ్లి నడిచొచ్చి ఇరవై ఏండ్లు.
ఆడ ఎస్టీ, ఈడ కాదు.
ఓటున్నది, పట్టా లేదు.
ఊరున్నది, పటంల చుక్క లేదు.
అది రిజర్వు ఫారెస్టు, బోరు వెయ్యొద్దు.
వాగు ఇసుకల చెలమ తోడుకోవచ్చు,
దానికింకా ఎవలూ కాయితం అడగలే.

నా కుర్చీ పేరు ప్రోగ్రాం డైరెక్టర్.
మూడు జిల్లాలు, నూట పన్నెండు గూడేలు, ముప్పై ఆరు నెలలు.
పైసలు ఓస్లో నుంచి వస్తయి.
ఒంటరిగ రావు.
కమిటీ వేసినట్టైతే,
ఫొటో పంపినట్టైతే,
ఆడోళ్ల సంతకాలు సగమైనా ఉన్నట్టైతే,
అట్లైతేనే రెండో విడత.
షరతుల కాయితం నిండా ఆమె పేరే.
రెండేండ్లు సంతకాలు పెట్టుకుంట
చూడనేలే.

ఇప్పపువ్వు రాలే కాలంల సోల్వైగ్ వచ్చింది,
మూడు బొలేరోలు, ఒక డ్రోను.
మీటింగుకు ఐతే ఆలస్యం.
తెల్లారక ముందే ఏరిన పువ్వు ఎండబోసి గానీ రాదు.
ఎండబోసింది మా ఫ్లెక్సీ మీద.
పోయినేడు ప్రారంభోత్సవానిది,
నా మొహం ఉన్నది, పక్కన లోగోలు ఐదు.
నా ముక్కు మీద, నొసటి మీద
పువ్వు పసుపు పచ్చగ ముడుచుకుంటున్నది.
సోల్వైగ్ ఫొటో తీసుకోవాలా వద్దా అని నా దిక్కు చూసింది.

"మూడేండ్లల్ల ఏం మారాలనుకుంటున్నవు?"
ఆమె ఇంగ్లిషుల అడిగింది,
నేను తెలుగుల చెప్పిన,
పూనెం నాగేష్ కోయల అడిగిండు.
జవాబు అదే బాటల తిరిగొచ్చింది:
"మూడేండ్లని గడువు పెట్టిందెవలు?
అది తీరినంక
మీరు పోతరా, మేము పోవాల్నా?"

బాట నా దగ్గర తెగింది.
"నీళ్లు కావాలంటున్నది" అన్న, సోల్వైగ్‌తోని.
అబద్ధం కాదు. నీళ్లు కావాలె.
ఐతే అడిగింది అది కాదు.

మా నాయిన వడ్డెరాయన,
కాజీపేట అవతల కంకర కొట్టెటోడు.
"రాయి పొర చూసి కొట్టు బిడ్డా,
లేకుంటే దెబ్బ నీ చెయ్యికే తిరిగొస్తది" అనేటోడు.
పొర చూసి కొట్టింది ఐతే.
నేను చదువుకున్నదాన్ని,
ఆ పగులుకు సిమెంటు పూసొచ్చిన.

రిపోర్టుల ప్రమాదాలనే గడి ఒకటుంటది.
ఏటా "అధిక వర్షాలు" అని రాసి దాటేస్తం.
ఈసారి ఆమె ప్రశ్న రాసిన, ఉన్నదున్నట్టు,
ఆ పొద్దు నేనేమని మార్చి చెప్పిన్నో అది కూడ.
ఫసియుద్దీన్ రెండుసార్లు చదివి
"పంపాల్నా మేడమ్?" అన్నడు.
పంపినం.

జవాబు ఇంకా రాలే.
శ్రావణంల వాగు పొంగింది, బాట మూసుకుంది.
నాగేష్ చెట్టెక్కి సిగ్నల్ దొరికిచ్చుకొని ఫోన్ చేసిండు:
ఐతే గుడిసె కురుస్తుంటే ఫ్లెక్సీ కప్పిండ్రట.
"మీ మొహం లోపటి దిక్కు పెట్టిండ్రు మేడమ్,
బయటికైతే రంగు పోతదని."

గడువు ఇంకా పదకొండు నెలలు.
ఈడ హన్మకొండల కిటికీ వేసుకొని కూసున్న.
ఆడ ఆమె పండుకొని పైకి చూస్తె నేను.
చినుకులన్నీ నా ఈపు మీద.